చెవి, ముప్పై ఒకటో విడత

ఆశ్లేష కార్తె, నాలుగో రోజు. గొల్లమిట్ట.

చెవి ముప్పై ఒకటో విడత ఈ రోజు పెట్టెలోకి ఎక్కింది. నకళ్లు పద్నాలుగు, ఊరికొకటి. ప్రతి నకలుతో పాటు మూలం (ఎవరైనా తెరిచి చదువుకోగల కోడు), మార్పుల చీటీ, పాత విడత ఉండాలి. ఈ మూడూ లేకుండా ఏ ప్లగిన్‌నూ ఊళ్లోకి తీసుకుపోకూడదని కట్టుబాటు. హుసేనమ్మత్త ఒక్కో నకలును తన ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక్క అక్షరం మారినా చెడిపోయే తన ముద్ర సరిపోతోందో లేదో చూసుకుంది. పద్నాలుగూ సరిపోయాక మూత వేయనిచ్చింది.

చెవి అనే ఈ ప్లగిన్ పని బోరు మోటారు చప్పుడు వినడం. స్టార్టర్ పెట్టెలో వేస్తే చాలు, నీళ్లు అడుగంటి మోటారు గాలి పట్టబోయే ముందు చప్పుడులో తేడా కనిపెట్టి ఆపేస్తుంది. నీళ్లు ఊరాక మళ్లీ వేస్తుంది. హుసేనమ్మత్త నలభై ఏళ్లు మోటార్లకు కాయిల్ చుట్టింది. రాగి తీగ దొరకడం మానేశాక, కాలిన మోటారును చుట్టడం కంటే కాలకుండా చూడటమే పని అనుకుని చెవిని రాయడం నేర్చుకుంది. ముప్పయ్యో విడత దాకా అన్ని ఊళ్లకూ కలిపి ఒకే చప్పుడు కొలత ఉండేది. పోయినేడు ఆ కొలత సరిపోక రెండు మోటార్లు కాలాయి. అందుకని ఈసారి ఏ ఊరి చప్పుడు ఆ ఊరికే పెట్టింది. ఆరుద్ర కార్తెలో ఊరూరూ తిరిగి ఆ చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చింది నేను.

కొత్త విడతను ముందు ఒక ఊళ్లో తొమ్మిది రోజులు నడిపి చూస్తాం. దాన్ని తొలి ఊరు అంటాం. ఈసారి గొల్లమిట్టే తొలి ఊరు. తొమ్మిది రోజుల్లో ఒక్క పొరపాటు కూడా లేదు.

బండి కదులుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది.

"చీటీ గట్టిగా సదువు ఓబులేసూ. నీ గొంతు బండి దాటి రాదు."

"సరే అత్తా."

"సరే అనేది గూడా నాకు ఇనపళ్ళా."

ఆశ్లేష కార్తె, పదకొండో రోజు. వంకమద్దిపల్లె.

ఇది ఏడో ఊరు. దారిలో గుట్ట మీద పాత టవరు ఉంది. అందులోంచి సిగ్నల్ రాక ఇరవై రెండేళ్లు. పైన గద్ద గూడు కట్టుకుంది. అప్పట్లో మోటార్లకు ఆ టవరు చెబితే నడిచే కంపెనీ పెట్టెలుండేవి. కంపెనీ పోయిన రోజు అన్ని ఊళ్లలో అవి ఒకేసారి ఆగిపోయాయి. లోపల ఏముందో చూసి సరిచేద్దామంటే ఎవరికీ తెరిచే వీలు లేకపోయింది. మూలం లేకుండా ఏదీ తీసుకోకూడదన్న కట్టుబాటు అప్పటిది.

మోటారు దగ్గర పది పన్నెండు మంది కూడారు. చీటీ అందరూ వినాలి. విన్నాక ఊరి పెద్ద "వెయ్" అంటేనే వేయాలి. ఇక్కడ పెద్ద కొండన్న. ఎనభై దాటాయి, చెవులు బాగా మందగించాయి. చేతిని చెవి వెనక పెట్టుకుని నా మీదికి వంగి కూర్చున్నాడు.

చీటీలో ఏ మార్పు ఎవరు చెబితే జరిగిందో పేరుతో సహా ఉంటుంది. "ఉరుము చప్పుడుకు మోటారు ఆగిపోతోంది, సరిచేయడమైనది. కనిపెట్టి చెప్పింది: వెంకటసుబ్బయ్య, ఎర్రబండ." అలాంటివి తొమ్మిది చదివాను.

ఊరి బోరు కింద తమలపాకు తోట వేసిన చౌడక్క మధ్యలోనే అందుకుంది.

"ఆ ఎర్రబండోని పేరు మూడు విడతల నుంచి ఇంటాండా. నా పేరు ఎప్పుడొస్తాది అబ్బీ?"

"ఏదన్నా తప్పు కనిపెట్టి చెప్తే వస్తాది గదక్కా."

"తప్పులు కనిపెట్టే దానికే గదా నేను పుట్టింది. మా ఇంటాయన్ను అడుగు, చెప్తాడు."

అందరూ నవ్వారు. ఆమె ఇంటాయన కూడా నవ్వాడు. చీటీలో చివరి వాక్యం "ఊరూరి చప్పుడు తెచ్చింది: ఓబులేసు" అని ఉంటుంది. దాన్ని కాస్త తొందరగా చదివాను.

"వెయ్ నాయనా," అన్నాడు కొండన్న.

వేశాను. మోటారు పలికింది. చౌడక్క దోసెడు తమలపాకులు బండిలో పెట్టింది.

మఖ కార్తె, మూడో రోజు. వంకమద్దిపల్లె.

పదమూడో ఊళ్లో ఉండగా మేకలు కాసే అతనొకడు చీటీ తెచ్చి ఇచ్చాడు. చౌడక్క చేతిరాత. "మోటరు పది నిమిషాలకే ఆగిపోతాంది. బోరులో నీళ్లు ఉండాయి. రా." పద్నాలుగో ఊరు తర్వాత చూసుకుందామని ఇటు తిరిగాను.

ఆమె ఆకుతోట అర ఎకరం. అవిసె చెట్లకు తీగలు పాకించింది. ఆకుతోటకు రోజు విడిచి రోజైనా తడి తగలాలి, ఒక్క వారం ఆలస్యమైతే తీగ కణుపుల దగ్గర నల్లబడుతుంది. ఆరుద్రలో పడిన వాన తర్వాత చినుకు లేదు. ఉత్తరం వైపు నాలుగు సాళ్లలో ఆకు వేలాడిపోయింది. పట్టుకుంటే తోలులా ఉంది.

మోటారు వేసి నిలబడ్డాను. ఈ మోటారు గొంతే బొంగురు. పైపు వంపు తిరిగే చోట ఏదో కొట్టుకుంటోంది. నీళ్లు నిండుగా వస్తున్నా అలాగే అరుస్తుంది. చెవికి అది గాలి పట్టిన చప్పుడులా ఉంది. పది నిమిషాలకు ఆపేసింది.

"చూసినావా? బాగుండే మనిషిని రోగమొచ్చిందని మంచాన పండబెట్టినట్టుండాది మీ చెవి," అంది చౌడక్క.

"పాతది వేద్దామా అక్కా? పెట్టెలో ఉంది."

"ఆ పాతదే గదా పోయినేడు దీన్ని కాల్చింది! ఉన్న రాగి తీగంతా పెట్టి ఒగసారి చుట్టించుకున్యాం. ఇంగోసారి కాలితే చుట్టేదానికి తీగ యాడుండాది?"

చెవి తీసేయమంది. తీసేశాను. పైపు పక్కన రాయి ఒకటి దొర్లించుకుని దాని మీద కూర్చుంది. తల వాల్చి ఎడమ చెవి పైపుకు ఆనించింది.

"ఇంగ చెవి నేనే. పో, పోయి మీ అత్తకు చెప్పు. నా విడత ఎన్నోదో గూడా రాసుకోమను."

సోలారు పలకల మీద ఎండ పడినంతసేపే మోటారు. ఆ ఎండంతా ఆమె అక్కడే. కొంచెం అనుమానం వచ్చినా ఆపేస్తోంది. అలా తోడితే సగం తోటకే సరిపోతుంది. మిగతా సగం రోజుకో సాలు చొప్పున పోతుంది.

నేను రికార్డరు తీశాను.

"మల్లా యాల? ఆరుద్రలో చేసుకొని పోయినావు గదా?"

"ఇంకోసారి చేసుకుంటా అక్కా."

"నేను ఆ పొద్దు ఇంట్లో లేనేమో. నిన్ను చూసినట్టే లేదు."

నేను రికార్డరు మీట నొక్కాను. పావుగంట రికార్డు చేసుకున్నాను. మధ్యలో ఆమె రెండుసార్లు దగ్గింది.

ఈ పుస్తకంలో రాయకుండా వదిలేసింది ఒకటుంది. ఆరుద్ర కార్తె మూడో రోజు నేను ఈ ఊరికి రాలేదు. పక్క ఊరు బోడిగుట్టలో రికార్డు చేసుకుని ఇటు వస్తుంటే వంక దగ్గర వాన పట్టుకుంది. ఎనిమిది నెలల తర్వాత పడిన మొదటి వాన. వాన పడుతుంటే, పడి నేల ఆరేదాకా, ఇక్కడ ఎవరూ మోటారు వేయరు. పైన పోసేవాణ్ణి పెట్టుకుని కింద తోడటం మర్యాద కాదంటారు. ఈ మోటారు చప్పుడు కావాలంటే రెండు రోజులు ఆగాలి. నా చేను దున్ని పెట్టి ఉంది. విత్తడానికి నేలలో పదును కూడా రెండు రోజులే ఉంటుంది. రెండు ఊళ్ల బోర్లూ ఒకే డ్రిల్లింగు బండి ఒకే నెలలో వేసినవి, మోటార్లు ఒకటే రకం. చప్పుడూ ఒకటే ఉంటుందనుకున్నాను. బోడిగుట్ట రికార్డునే ఇంకో నకలు తీసి వంకమద్దిపల్లె అని పేరు పెట్టాను. ఇంటికి పోయి కొర్ర వేశాను.

కొర్ర బాగా వచ్చింది.

మఖ కార్తె, ఐదో రోజు. గొల్లమిట్ట.

కొత్త రికార్డు అత్తకు ఇచ్చి, మోటారు చప్పుడు మారినట్టుంది అన్నాను. అత్త పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, హెడ్‌ఫోన్లు చెవులకు తొడుక్కుని కళ్లు మూసుకుంది. తర్వాత ఏమనుకుందో బోడిగుట్టది కూడా తీసింది. చాలాసేపు విన్నది.

"ఓబులేసూ, బోడిగుట్టలో మోటరు కాడ కుక్కుందా?"

"ఉంది అత్తా."

"వంకమద్దిపల్లెలో?"

నేను గోడ వైపు చూశాను.

"రెండింట్లోనూ ఐదో నిమిషంలో అదే కుక్క మొరుగుతాంది. బేరింగు గూడా ఒకే తావు అరుగుతాంది. కవల పిల్లలకైనా ఇంత పోలిక ఉండదు నాయనా."

చెప్పాను. వాన పడిందని, ఆగలేదని, నకలు తీశానని. అత్త చెవులకున్నవి తీసి మెడలో వేసుకుంది.

"కొర్ర ఏసినావా?"

"వేసినా."

"మొలిసిందా?"

"మొలిసింది."

"ఊఁ," అని లేచి పొయ్యి మీద టీ పెట్టింది. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తుంది. ఇద్దరం టీ తాగాం. అయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. చప్పుడు మార్చడం గంట పని. చీటీ దగ్గర ఆగింది.

"'వంకమద్దిపల్లె చప్పుడు తప్పుగా వచ్చింది, సరిచేయడమైనది. కనిపెట్టి చెప్పింది: చౌడమ్మ.' సాలునా?"

"ఎవరి వల్ల తప్పో రాయవా?"

"కనిపెట్టినోళ్ల పేరు రాయాలని కట్టుబాటు ఉండాది. తప్పు చేసినోళ్ల పేరు రాయాలని లేదు. సదివేది నువ్వు. నోటికి వచ్చేట్టు ఉండేదే రాస్తా, చెప్పు."

పెట్టె మోసేవాడి మాట నమ్మకపోతే చీటీ చదివీ లాభం లేదు. పేరు బయటపడితే పద్నాలుగు ఊళ్లూ పెట్టె ఇంకొకరికి ఇమ్మంటాయి. పన్నెండేళ్లుగా మోస్తున్నాను. అయినా ఆమె ఎడమ చెవి పైపుకు ఆనించుకుని కూర్చున్నది కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

"నా పేరు రాయి."

అత్త రాసింది. దాని కింద ఇంకో వాక్యం కొట్టింది. "రెండూ ఒకటేనని వినపడి కూడా ఒకే రకం మోటార్లు కదా అనుకుని ముద్ర వేసింది: హుసేనమ్మ."

"నీకెందుకత్తా ఇది?"

"నలభై ఏండ్లు మోటర్లు ఇన్న చెవులు నావి. నువ్వు ఒగడివే పేరు కొట్టేస్తానంటే ఎట్ల?"

మఖ కార్తె, ఏడో రోజు. వంకమద్దిపల్లె.

ముప్పై రెండో విడతను తొలి ఊళ్లో తొమ్మిది రోజులు నడపాలి. తొమ్మిది రోజులు ఆకుతోట ఆగదు. అందుకని అత్త తనే బయలుదేరింది. బండిలో చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ప్రతి గుంతకూ నన్ను తిట్టుకుంటూ వచ్చింది.

"బండి తోలుతాండావా, సెనక్కాయలు దంచుతాండావా?"

చౌడక్క రాయి మీదే ఉంది. ఎడమ చెంప మీద పైపు అచ్చు పడింది. ఉత్తరం వైపు నాలుగు సాళ్లు పోయాయి. ఐదోది నేడో రేపో అన్నట్టుంది.

"మీ ఊరే తొలి ఊరుగా ఉంటాదా చౌడమ్మా?" అని అడిగింది అత్త. "మంచైనా చెడైనా ముందు మీకే. నేను ఈడే కూకోని చూస్తా."

"ముందు సదవనీ, ఇందాం," అంది చౌడక్క.

మనుషులు కూడారు. నేను నిలబడి చదివాను. "ముప్పై ఒకటో విడతలో వంకమద్దిపల్లె చప్పుడు తప్పు. కనిపెట్టి చెప్పింది: చౌడమ్మ, వంకమద్దిపల్లె. ఊరికి పోకుండా బోడిగుట్ట చప్పుడుకే ఈ ఊరి పేరు పెట్టింది: ఓబులేసు." తర్వాత అత్త వాక్యం చదివాను.

కొండన్న చేయి చెవి వెనక పెట్టుకున్నాడు.

"మూడోది ఇనపళ్ళా. మల్లా సదువు."

చదివాను.

"ఎవురు?"

"నేనే పెద్దాయనా. ఓబులేసు."

"ఏం పెట్టినావు?"

"బోడిగుట్ట చప్పుడుకు మీ ఊరి పేరు పెట్టినా."

"ఊఁ. ఇప్పుడు ఇనపడింది."

మొదటిసారే వినపడిందేమోనని ఇప్పటికీ నా అనుమానం.

"నీ పేరొచ్చింది గదమే చౌడీ," అన్నాడు వెనక నుంచి ఆమె ఇంటాయన. ఆమె అటు తిరగలేదు. నా వైపే చూస్తోంది.

"ఆ పొద్దు నిన్ను చూల్లేదని నేను అంటాంటే, నా ముందర నిలబడుకొని గమ్మునుండావే! ఏం పనిబడింది అంత?"

"వాన పడింది అక్కా. ఆరుద్ర మూడో రోజు. మీరు మోటారు వేయరు. నాకు చేను దున్ని ఉంది."

ఆమె వేళ్ల మీద రోజులు లెక్క వేసుకుంది.

"ఆ వానా? ఆ పొద్దు మేమందరం చేన్లలోనే ఉండాం. విత్తనానికి పోయినాం. ఊళ్లో కుక్క గూడా లేదు. నువ్వొచ్చినా నీకు గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేకపాయ." చీటీ వైపు చేయి చూపింది. "మరి ఆ వాన అందులో ల్యాదేమి?"

"అది కారణమే గానీ..."

"కారణం గాకుంటే ఇంగేమి? వాన లేకుండా సదివితే నువ్వు ఉత్త దొంగోని మాదిరి ఇనపడతాండావు. వాన ఉంటే సేద్యగాని మాదిరి ఇనపడతావు. తప్పు తప్పే. నాలుగు సాళ్లు పాయ. కానీ వాన గూడా రాయల్ల."

"ముద్ర వేసేసినాం చౌడమ్మా. ముద్ర వేసిన చీటీలో అక్షరం మార్చగూడదు," అంది అత్త.

"అట్లైతే నోటితో చెప్పమను."

"చీటీలో లేనిది చదవకూడదక్కా," అన్నాను.

"ఏం మనుషులప్పా!"

కొండన్న కర్ర నేలకు తాటించాడు. నాలుగు సాళ్లు పోయాయి కాబట్టి, తీగ నాటే అదునుకు నేను వచ్చి నాలుగు రోజులు ఒళ్లు వంచాలన్నాడు. పెట్టె సంగతి ఎవరో ఎత్తారు. వేరే వాళ్లకు ఇద్దామన్నారు.

"ఎవురికిస్తావు?" అన్నాడు కొండన్న. "తప్పు చేసి మూడుసార్లు సదివినోడు ఈడొగడే ఉండాడు. వెయ్ నాయనా."

వేశాను. బొంగురు గొంతుతో మోటారు మొదలైంది. పది నిమిషాలైంది. పావుగంటైంది. అత్త చాప మీద కళ్లు మూసుకుని వింటోంది. ఐదో సాలులోకి నీళ్లు పోయాయి. గంటన్నరకు చప్పుడు సన్నబడింది, వెంటనే ఆగింది. చౌడక్క అలవాటు కొద్దీ చెవి పైపుకు ఆనించింది.

"సరిగ్గా ఆపింది. నేనైతే ఇంగా అరగంట ముందే ఆపుంటి."

ఉత్తర కార్తె, మూడో రోజు. వంకమద్దిపల్లె.

మిగతా పదమూడు ఊళ్లలోనూ ముప్పై రెండో విడత వేసి, అదే చీటీ చదివాను. బోడిగుట్టలో బాగా నవ్వారు. "మా మోటరు గొంతు అంత బాగుందా, పక్కూరికి గూడా ఇచ్చినావు?" అన్నారు. ఎర్రబండలో వెంకటసుబ్బయ్య నవ్వలేదు. నకలు తీసుకుని మూలం అంతా తనే ఒక పూట కూర్చుని చదువుకున్నాకే వేయనిచ్చాడు. అది అతని హక్కు. వాన సంగతి నేను ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు ఇక్కడ నాలుగు సాళ్లూ తవ్వి, తీగ ముక్కలు నాటుతున్నాను. ఈ రోజు మూడోది. నా కొర్ర కోతకొచ్చింది. కంకులు వంగి ఉన్నాయి. ఈ నాలుగు రోజులూ పిట్టలదే చేను.

చౌడక్క మజ్జిగ తెచ్చింది.

"కొర్ర కోసినావా?"

"పోయినాక కోస్తా."

"పిట్టలుండవా?"

"ఉన్నాయి."

చెంబు తీసుకుని పోయింది. సాయంత్రం ఆమె ఇంటాయన వచ్చి, అడగకుండానే నాలుగో సాలు ఆ చివర నుంచి తవ్వడం మొదలుపెట్టాడు.

స్వాతి కార్తె, ఆరో రోజు. వంకమద్దిపల్లె.

ముప్పై మూడో విడత. గొల్లమిట్టలో తొమ్మిది రోజులు నడిచింది. ఈసారి చప్పుడు రికార్డు మొదట్లో ఆ ఊరి మనిషి ఒకరు తన పేరు, ఊరి పేరు చెప్పాలని అత్త కొత్త కట్టుబాటు పెట్టింది. పెట్టెలో ఇప్పుడు పదమూడు ఊళ్ల గొంతులున్నాయి. వంకమద్దిపల్లెది మాత్రం మఖ కార్తెలో చేసిన రికార్డే ఉంచింది. అందులో పేరు లేదు, రెండు దగ్గులున్నాయి. అవి చాలు, ఎవరివో తెలుస్తోంది అంది.

చీటీ నాకు ముందుగా చూపించలేదు. ముద్ర వేసి మడిచి ఇచ్చింది. మొదటి ఊళ్లో విప్పి చదువుతుంటే చివరి వాక్యం దగ్గర నా గొంతు బండి దాటి పోలేదు. ఇది ఏడో ఊరు. ఇప్పుడు బాగానే చదవగలను.

తీగ ముక్కలు చిగురు పట్టాయి. మనుషులు కూడారు. కొండన్న చేయి చెవి వెనక పెట్టుకుని కూర్చున్నాడు. ఆరు మార్పులు చదివాను. ఏడోది చివరిది.

"ముప్పై రెండో విడత చీటీలో ఒక లోపం. తప్పు రాసి, కారణం రాయలేదు. ఆ రోజు వాన పడింది. కనిపెట్టి చెప్పింది: చౌడమ్మ, వంకమద్దిపల్లె."

చౌడక్క కొంగుతో మోటారు మీద దుమ్ము తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"కొండన్నకు ఇనపళ్ళా. మల్లా సదువు," అంది.

"నాకు ఇనపడింది," అన్నాడు కొండన్న.

"నీకు ఇనపళ్ళా."

మళ్లీ చదివాను.